పాత బ్యాండ్ తిరిగొస్తే: మధ్యలో పోయిన ఏళ్ళ లెక్క

తిరుపతి నుంచి బెంగళూరుకు సుమారు 250 కిలోమీటర్లు, చిత్తూరు నుంచి 180. పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా పోయే ఈ దారి రెండు జిల్లాల సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు కొట్టిన పిండి. శుక్రవారం రాత్రి ఇటు, ఆదివారం రాత్రి అటు. 2026 జనవరిలో అమెరికా రాక్ బ్యాండ్ లింకిన్ పార్క్ బెంగళూరుకు వచ్చినప్పుడు, ఒకప్పుడు హాస్టల్ గదుల్లో తెల్లవార్లూ మోగిన పాటలు బస్సెక్కి వెళ్ళి వినగలిగినంత దగ్గరికి వచ్చాయి. ఆ బ్యాండ్ మన దేశంలో వాయించడం అదే మొదటిసారి. వాళ్ళ మొదటి ఆల్బమ్ 2000లో వచ్చింది. అంటే పాతికేళ్ళ ఎదురుచూపు. ఈలోగా ఆ పాటలకు ప్రాణమైన గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ 2017 జులైలో చనిపోయాడు. ఏడేళ్ళ మౌనం తర్వాత, 2024 సెప్టెంబరులో ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే కొత్త గాయనితో బ్యాండ్ మళ్ళీ మొదలైంది.

పాత రాక్ బ్యాండ్లు ఒకటి వెనక ఒకటి తిరిగొస్తున్న కాలమిది. బ్రిటన్ బ్యాండ్ ఓయాసిస్ వచ్చింది. బ్లాక్ సబ్బాత్ ఆఖరిసారిగా ఒక్క రోజు కోసం కలిసింది. కెనడా బ్యాండ్ రష్ 2026 టూర్ ప్రకటించింది. జ్ఞాపకాలను అమ్ముకుంటున్నారని దీన్ని కొట్టిపారేయడం తేలిక. వ్యాపారం ఉన్న మాట నిజమే, చాలా పెద్ద ఎత్తున ఉంది. అయినా అన్ని పునరాగమనాలూ ఒక్కటి కావు. కొన్ని జనం గుండెల్లో నిలిచిపోతాయి, కొన్ని డబ్బు లెక్క తేలగానే మరుగున పడతాయి. మధ్యలో పోయిన కాలాన్ని బ్యాండ్ దాచిపెట్టిందా, వేదిక మీద పెట్టి చూపించిందా అన్న దగ్గరే ఈ తేడా వస్తుంది.

ముందు ఆ పాట ఇక్కడిదాకా ఎలా చేరిందో చూడాలి. 2000ల మొదట్లో చిత్తూరులో ఇంగ్లిష్ రాక్ పాట సంపాదించడం ఆషామాషీ వ్యవహారం కాదు. క్యాసెట్ షాపుల్లో సినిమా పాటలు, భక్తి పాటలు, తమిళ పాటలు దొరికేవి. మిగతాదానికి నెట్ సెంటరే దిక్కు, గంట లెక్కన డబ్బు కట్టాలి. నాలుగు నిమిషాల పాట ఎంపీత్రీగా దాదాపు 4 ఎంబీ. 56 కేబీపీఎస్ మోడెమ్ పూర్తి వేగంతో నడిచినా అది దిగడానికి పది నిమిషాలు పట్టేది, పూర్తి వేగంతో నడిచిన రోజు తక్కువ. కరెంటు పోతే మళ్ళీ మొదటికి. ముప్పాతిక పాట దిగాక లైన్ తెగితే ఆ ముప్పాతికే సీడీలోకి ఎక్కేది. 700 ఎంబీ సీడీలో నూటయాభైకి పైగా పాటలు పట్టేవి. మార్కర్ పెన్నుతో పైన పేరు రాసిన ఆ ఒక్క సీడీ గది నుంచి గదికి, హాస్టల్ నుంచి హాస్టల్‌కి తిరిగేది. చివర తెగిపోయిన పాటను తెగిన చోటిదాకానే నోటికి నేర్చుకున్నవాళ్ళున్నారు. ఆ తర్వాత ఏముందో వాళ్ళు కొన్నేళ్ళకు యూట్యూబ్‌లో విన్నారు.

ఇంత కష్టపడి సంపాదించిన పాట అంత సులభంగా వదిలిపోదు. అప్పట్లో పదో, పద్దెనిమిదో ఏళ్ళున్నవాళ్ళకు ఇప్పుడు ఉద్యోగముంది, కార్డులో కాస్త డబ్బుంది. అప్పుడు లేనిది అదే. టూర్ నడిపే కంపెనీలు సరిగ్గా ఈ వయసు మీదే లెక్క కడతాయి. సాధారణంగా ఒక బ్యాండ్ విడిపోయిన పదిహేను, ఇరవై ఏళ్ళకు దాని శ్రోతల చేతిలో డబ్బాడుతుంది. బ్యాండ్ ఆగకుండా ఏటా వాయిస్తూ పోతే, ఈసారి కాకపోతే మరోసారి చూడొచ్చులే అనిపిస్తుంది. ఆగిపోతే ఆ 'మరోసారి' ఉండదు. ఆ లోటు ఏటేటా పేరుకుని, ప్రకటన వచ్చిన రోజున కట్ట తెగిన చెరువులా పారుతుంది.

ఓయాసిస్ కథ దీనికి మంచి ఉదాహరణ. 2009 ఆగస్టు 28న పారిస్‌లో వేదిక వెనక అన్నదమ్ములు నోయెల్, లియామ్ గాలగర్ గొడవపడటంతో బ్యాండ్ విడిపోయింది. పదిహేనేళ్ళు మాటల్లేవు. 2024 ఆగస్టు 27న కలుస్తున్నామని ప్రకటించారు. 2025 జులై 4న కార్డిఫ్‌లో మొదలైన టూర్ 41 కచేరీలు చేసి నవంబరులో బ్రెజిల్‌లో ముగిసింది. ఈ టూర్ కోసం కొత్త ఆల్బమ్ చేయలేదు. జనం కొత్త పాటలు అడగనూ లేదు. పంతం పట్టి విడిపోయిన అన్నదమ్ములు ఒకే వేదిక మీద నిలబడటమే వాళ్ళకు కావాల్సిన వార్త. ఆస్తి పంపకాల దగ్గర మాటలు ఆగిపోయిన అన్నదమ్ములు ఏ ఇంటి పెళ్ళిలోనో మళ్ళీ కలిస్తే బంధువులంతా కళ్ళప్పగించి చూడటం ఎక్కడైనా ఉన్నదే కదా.

డబ్బు సంగతి చెప్పాలంటే, ఒకప్పుడు కచేరీలు రికార్డులు అమ్ముకోవడానికి పెట్టేవాళ్ళు. ఇప్పుడు లెక్క తిరగబడింది. స్ట్రీమింగ్‌లో పాట ఒకసారి మోగితే వచ్చేది పైసల్లోనే ఉంటుంది, అదీ నలుగురైదుగురు పంచుకోవాలి. వేదిక మీదే సంపాదన. 2007-08లో ద పోలీస్ బ్యాండ్ మళ్ళీ కలిసి చేసిన టూర్‌కు 36 కోట్ల డాలర్లకు పైగా వసూలైంది. 1994లో ఈగల్స్ పద్నాలుగేళ్ళ తర్వాత కలిసినప్పుడు టికెట్ ధర 100 డాలర్లు దాటడం అప్పట్లో పెద్ద చర్చ. ఇప్పుడు ఆ ధరకు టికెట్ దొరికితే అదృష్టం.

టికెట్ల విషయంలో తిరుపతి మనిషికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. మూడు నెలల ముందు 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలయ్యే ఉదయం, స్క్రీన్ మీద తిరిగే చక్రాన్ని చూస్తూ కూర్చోవడం ఇక్కడ ఇంటింటి అనుభవం. దర్శనానికీ కచేరీకీ పోలిక లేదు, పెట్టకూడదు కూడా. క్యూ లెక్క మాత్రం ఒకటే: ఉన్న చోటు కొంచెం, కావాల్సినవాళ్ళు లక్షలు. ఈ లెక్కను తిరుమలలో ఒక పద్ధతిలో పరిష్కరించుకున్నారు. సర్వదర్శనం ఉచితం, ప్రత్యేక ప్రవేశం 300, శ్రీవాణి ట్రస్టుకు 10,000 విరాళమిస్తే 500 రూపాయల బ్రేక్ దర్శనం టికెట్. ఈ అంతరాల మీద విమర్శలున్నాయి, ఉండాలి కూడా. కానీ క్యూలోకి ఎక్కే ముందే ఏది ఎంతో అందరికీ తెలుసు. ఆధార్ లేకుండా టికెట్ రాదు కాబట్టి దళారి చేతిలోంచి చేతులు మారడమూ అంత తేలిక కాదు.

2024 ఆగస్టు 31న ఓయాసిస్ టికెట్లు అమ్మినప్పుడు బ్రిటన్‌లో గోల జరిగింది సరిగ్గా దీని గురించే. గంటల తరబడి ఆన్‌లైన్ క్యూలో ఉన్నవాళ్ళ వంతు వచ్చేసరికి, 150 పౌండ్ల దగ్గర ఉంటుందనుకున్న నిలబడే టికెట్ 355 పౌండ్లయింది. కంప్యూటర్ గిరాకీని బట్టి ధర పెంచుకుంటూ పోయిందని అందరూ అనుకున్నారు. అక్కడ వ్యాపార పోటీని పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ విచారిస్తే వేరే సంగతి తేలింది. నిలబడే టికెట్లను రెండు రేట్లుగా ముందే విడదీసి, తక్కువ రేటువి అయిపోయాక ఎక్కువ రేటువి వదిలారు. క్యూలో ఉన్నవాళ్ళకు ఆ ముక్క చెప్పలేదు. ధర ఎక్కువైనందుకు కలిగిన బాధ కన్నా, తెలియకుండా నిలబెట్టారన్న బాధే జనాన్ని ఎక్కువగా కాల్చింది. ఇరవై ఏళ్ళుగా పాటను కాపాడుకున్న అభిమానితో ఆ వ్యవహారం ఎంతమాత్రం తగనిది. తిరిగొచ్చే బ్యాండ్ మొదటి పరీక్షలో తప్పేది గిటార్ ముట్టుకోకముందే, ఇలాంటి చోట.

రెండో పరీక్ష దీనికన్నా కష్టం. లేని మనిషి చోటును ఏం చేయాలి?

చిత్తూరు జిల్లా పల్లెల్లో ధర్మరాజుల గుళ్ళ దగ్గర ఎండాకాలంలో భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, ఆఖరి రోజు దుర్యోధన వధ, అగ్నిగుండం. అందులో తపస్సు మాను రోజున అర్జున వేషధారి నిటారుగా పాతిన ఎత్తయిన మానుపైకి పద్యాలు పాడుకుంటూ ఎక్కుతాడు, పైనుంచి నిమ్మకాయలు, విభూతి విసురుతాడు. ఏళ్ళ తరబడి ఆ మాను ఎక్కినవాడికి మోకాళ్ళు పట్టేసిన ఏడాది, శిష్యుడో కొడుకో ఎక్కుతాడు. పాత అర్జునుడు కింద హార్మోనియం పక్కన కూర్చుని తాళం వేస్తాడు. పద్యం ఎత్తుగడలో పిల్లవాడు తడబడితే కింద నుంచి గొంతు కలుపుతాడు. ఊళ్ళో ఎవరూ దాన్ని మోసం అనరు. వేషం పాతది, అందులోకి ఎక్కే మనిషి మారతాడు.

తెలుగు శ్రోతకు ఇంకో అలవాటు కూడా ఉంది. గొంతు వేరు, మనిషి వేరు అని సినిమా పాట ఎప్పుడో నేర్పింది. తెర మీద కదిలే పెదవులు ఒకరివి, పాడేది మరొకరు. పాట కచేరీల్లో స్థానిక గాయకుడు ఘంటసాల గొంతుతో పాడితే జనం కళ్ళు మూసుకుని వింటారు, ఆయన ఘంటసాల కాడని ఎవరికీ ఫిర్యాదు లేదు.

రాక్ బ్యాండ్ దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ ఎక్కువగా పాట రాసినవాడే పాడతాడు, తన బతుకులోంచే రాస్తాడు, తన పేరుతోనే నిలబడతాడు. పాట, గొంతు, మనిషి ముడిపడి ఉంటాయి. మనిషి పోతే మిగతా రెంటినీ విడదీయడం పచ్చి గాయాన్ని కెలకడమే. బెన్నింగ్టన్ తన లోపలి నొప్పిని అరిచి పాడినవాడు, చివరికి ఆ నొప్పికే బలైనవాడు. ఆ పాటలు వేరే గొంతులో వినడమేంటని చాలామంది అభిమానులు బాధపడ్డారు. ఆ బాధలో న్యాయముంది. ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ గాయని కావడం ఇక్కడ మేలే చేసింది. మగ గొంతయితే ప్రతి స్వరం దగ్గరా పోలిక మొదలయ్యేది. ఆడ గొంతు రాగానే చెవి పోలిక మానేసి పాట వింటుంది. పైగా బ్యాండ్ ఆమెతో కొత్త ఆల్బమ్ చేసి ఆ పాటలతో సహా వేదిక ఎక్కింది. పాత చోటులో ఎవరినో కూర్చోబెట్టి ఏమీ జరగనట్టు నటించలేదు.

మిగతావాళ్ళు వేరే దారులు తొక్కారు. లెడ్ జెపెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ 1980లో చనిపోతే ఆ బ్యాండ్ మూతపడింది. 2007 డిసెంబరు 10న లండన్‌లో ఒక్క రాత్రి కోసం కలిసినప్పుడు డ్రమ్స్ వెనక కూర్చున్నది ఆయన కొడుకు జేసన్. ఇరవై వేల మంది పట్టే హాలుకు 2 కోట్ల దరఖాస్తులు వచ్చాయని అప్పట్లో నిర్వాహకులు చెప్పారు. ఆ గిరాకీ చూసి కూడా వాళ్ళు టూర్ చేయలేదు. రష్ బ్యాండ్‌లో డ్రమ్మర్ నీల్ పీర్ట్ 2020 జనవరిలో చనిపోయాక, మిగిలిన ఇద్దరూ జర్మన్ డ్రమ్మర్ అనికా నిలెస్‌ను తీసుకుని టూర్ ప్రకటించారు. గన్స్ అండ్ రోజెస్ 2012లో మన దేశానికి వచ్చినప్పుడు గిటారిస్ట్ స్లాష్ లేడు. అతనితో కలిసి ముంబైలో వాయించింది 2025 మేలో. రెండూ చూసినవాళ్ళకు అసలు బ్యాండ్ ఏదో వేరే చెప్పక్కర్లేదు.

అన్నింటిలోకీ భారతం మానుకు దగ్గరగా ఉన్నది బ్రిటన్ బ్యాండ్ జెనెసిస్. దాని గాయకుడు ఫిల్ కాలిన్స్ ఒకప్పుడు ప్రపంచంలో పేరున్న డ్రమ్మర్లలో ఒకడు. మెడ దగ్గర వెన్నుపూస దెబ్బతిని, నరాలు పాడై, చేతిలో కర్ర నిలవని స్థితికి వచ్చాడు. 2021-22 టూర్‌లో ఆయన వేదిక మధ్యలో కుర్చీలో కూర్చుని పాడాడు. వెనక డ్రమ్స్ వాయించింది కొడుకు నిక్, అప్పటికి ఇరవై ఏళ్ళవాడు. ఆ కుర్చీని లైట్లతో మరుగుపరచలేదు. తన దరువు కొడుకు చేతుల్లో మోగుతుంటే తండ్రి కూర్చుని వింటూ పాడటం వేల మంది చూశారు. 2022 మార్చి 26న లండన్‌లో ఆఖరి కచేరీ.

గొంతు సంగతికి వస్తే, కర్ణాటక సంగీతం విన్నవాళ్ళకు శ్రుతి తగ్గించడం కొత్త కాదు. ఒకటిన్నర శ్రుతిలో పాడినవారు వయసు మీద పడ్డాక ఒకటికి దిగుతారు. తంబురా దానికి తగ్గట్టు సవరించుకుంటారు, అంతే. రాక్‌లో గిటార్ తీగలన్నిటినీ కాస్త వదులు చేసి అదే పని చేస్తారు. 2007 రాత్రి లెడ్ జెపెలిన్ కొన్ని పాటలు అలా దించి వాయించింది. శ్రుతి తగ్గితే పాట బరువెక్కుతుంది, కొన్నిసార్లు అది బాగుంటుంది కూడా. దొంగతనం అనాల్సింది రికార్డు చేసిన గొంతును వెనక మోగించి పెదవులు ఆడించడాన్ని. టూర్ పద్ధతి కూడా వయసును బట్టి మారింది. రోజుకో ఊరు తిరిగే ఓపిక లేక, ఒకే నగరంలో నాలుగైదు రాత్రులు పెట్టుకుంటున్నారు. ఓయాసిస్ తమ సొంత ఊరు మాంచెస్టర్‌లోని హీటన్ పార్క్‌లో అయిదు రాత్రులు వాయించింది. అంటే ఇక బ్యాండ్ ఊళ్ళ వెంట తిరగదు, జనమే బస్సులెక్కి దాని దగ్గరికి పోవాలి. తిరుపతి లాంటి ఊరికి అప్పుడు బెంగళూరు, చెన్నై దగ్గర కావడం పెద్ద వరం.

పాట ఎవరి సొత్తు అన్న తగాదా కూడా బ్యాండ్లను ఏళ్ళ తరబడి విడదీసి ఉంచుతుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి విదేశాలకు పోనక్కర్లేదు. 1960లలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం నడిపిన ఆర్కెస్ట్రాలోనే ఇళయరాజా వాయించేవారు. అలాంటి స్నేహితుల మధ్య 2017లో లీగల్ నోటీసు వచ్చింది. ఇళయరాజా తరఫున వచ్చిన ఆ నోటీసు, ఆయన స్వరపరిచిన పాటలను అమెరికాలో కచేరీలు చేస్తున్న బాలు అనుమతి లేకుండా పాడకూడదంది. బాలు ఆ టూర్‌లో ఆ పాటలు పక్కనపెట్టారు. 2019లో ఇద్దరూ చెన్నైలో మళ్ళీ ఒకే వేదిక ఎక్కారు. 2020 సెప్టెంబరు 25న బాలు పోయారు. ఆ ఒక్క ఏడాది ఆలస్యం చేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే గుండె చివుక్కుమంటుంది. బ్లాక్ సబ్బాత్ విషయంలో గడువు ఇంకా తక్కువ. 2025 జులై 5న బర్మింగ్‌హామ్‌లో ఆ బ్యాండ్ మొదలుపెట్టిన నలుగురూ కలిశారు. పార్కిన్సన్స్ వ్యాధితో నిలబడలేని గాయకుడు ఓజీ ఆస్బోర్న్ సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. పదిహేడు రోజులకు చనిపోయాడు.

పునరాగమనం గురించి రాసేటప్పుడు జనం రద్దీని వదిలేయడం కుదరదు. ఏళ్ళ ఆకలి ఒక్క గేటు దగ్గర గుమికూడినప్పుడు ఏమవుతుందో ఈ ప్రాంతానికి తెలుసు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చినవారిలో ఆరుగురు తొక్కిసలాటలో చనిపోయారు. అదే ఏడాది జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట క్రికెట్ సంబరానికి వచ్చినవాళ్ళు 11 మంది పోయారు. కచేరీ టికెట్ కొనేవాళ్ళు పాటల జాబితా చూసినంత శ్రద్ధగా, సీటుకు నంబరుందా, నిలబడే టికెట్టా, గేట్లు ఎన్ని, ఎన్నింటికి తెరుస్తారు అన్నవి చూడాలి.

ఇలాంటి విషాదం బ్రిటన్‌కు చెందిన ద హూ బ్యాండ్‌నూ వెంటాడింది. 1979 డిసెంబరు 3, అమెరికాలోని సిన్సినాటి. టికెట్లలో చాలావాటికి సీటు నంబరు లేదు, ముందు పరుగెత్తినవాడిదే ముందు చోటు. జనం చలిలో తలుపుల ముందు గంటల తరబడి నిలబడ్డారు. లోపల నుంచి సంగీతం వినిపించింది. కచేరీ మొదలైపోయిందని వెనకవాళ్ళు తోశారు. తెరిచిన తలుపులు కొన్నే. 11 మంది ఊపిరాడక చనిపోయారు, వాళ్ళలో పదిహేనేళ్ళ ఆడపిల్లలు ఇద్దరు. లోపల బ్యాండ్ వాయిస్తూనే ఉంది. గొడవ ముదురుతుందని వాళ్ళకు కచేరీ అయ్యేదాకా చెప్పలేదు.

ఆ తర్వాత ద హూ ఎన్నోసార్లు ఆగింది, ఎన్నోసార్లు తిరిగొచ్చింది. 1982లో వీడ్కోలు టూర్ అన్నారు, 1989లో మళ్ళీ వచ్చారు. సిన్సినాటికి మాత్రం రాలేదు. 2022 మే 15న, 42 ఏళ్ళ తర్వాత, ఆ ఊళ్ళో వేదిక ఎక్కారు. గాయకుడు రోజర్ డాల్ట్రీకి అప్పుడు 78 ఏళ్ళు, గిటారిస్ట్ పీట్ టౌన్‌షెండ్‌కు నాలుగు రోజుల్లో 77 నిండుతాయి. చనిపోయినవారిలో ముగ్గురు ఒకే హైస్కూల్లో చదివారు. ఆ రాత్రి ఆ స్కూలు పిల్లలు వేదిక ఎక్కి, ఇద్దరు ముసలివాళ్ళ వెనక నిలబడ్డారు.